ఆంగ్ల వ్యవహార లేఖనము – అర్థక్రమ విచారము

ప్రాచ్య కళాశాలలో తర్కమును, మీమాంసను, అర్థశాస్త్రమును చదువుకొన్న విద్యార్థికి ఆంగ్లములో ఒక వ్యవహారలేఖను క్రమముగా వ్రాయడము మనమే నేర్పవలెనని, ఆ పని మన శాస్త్రములకు వెలుపలిది కాదని నా అభిప్రాయము. బిజినెస్ ఇంగ్లీషు అని నేటివారు పిలిచే విద్యలో వ్యాకరణము, పదజాలము కలిసి ఒక సగము. వాదమును కూర్చే క్రమము రెండవ సగము. ఈ రెండవ సగము మన చేతిలో ఉన్నది. ఉండి కూడా దానిని పరీక్షాపత్రములో ఐదు మార్కుల లఘుటీకగా మిగిల్చినాము. ఈ మాట తోటి అధ్యాపకులలో కొందరికి రుచించదని ఎరుగుదును. వారి ఆక్షేపణలను తరువాత ఎత్తుకొంటాను. ఈ విచారమునకు కారణమైన సంగతిని ముందు చెప్పవలసియున్నది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. ఫిషింగ్ హార్బరులో జట్టీకి మోకులతో కట్టి ఉంచిన మరబోట్లు గాలికి ఒకదానితో ఒకటి కొట్టుకొని కొన్ని మునిగినవి, కొన్ని పగిలినవి. ఆ తరువాత కొన్ని నెలలకు, నా దగ్గర చదివి పట్టము పుచ్చుకొని హార్బరులో ఒక రొయ్యల వ్యాపారి వద్ద గుమాస్తాగా కుదిరిన శిష్యుడొకడు, ఒక బోటు యజమానిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. అతని చేతిలో నాలుగు పుటల ఆంగ్ల అర్జీ ఉన్నది. దెబ్బతిన్న బోటుకు బీమా సొమ్ము తక్కువగా కట్టినారని సంస్థకు పంపిన అర్జీ అది. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరము. వారు కోరిక ఏమిటో స్పష్టముగా వ్రాసి పంపవలసినదని ఒక్క వాక్యముతో దానిని తిప్పి పంపినారు.

చదివినాను. మొదటి పుటలో వినయము ఉన్నది. తాను ఎంత అల్పుడో, అధికారి ఎంత దయామయుడో చెప్పడమునకే ఆ పుట సరిపోయినది. రెండవ పుటలో తుపాను వర్ణనము. శిష్యుడు ప్రబంధములు చదివినవాడు గనుక ఆ వర్ణనములో సముద్రమునకు కోపము వచ్చినది, ఆకాశము ఏడ్చినది. మూడవ పుటలో యజమాని కుటుంబము, అప్పులు, పెండ్లికెదిగిన కూతురు. ఆ పుట అడుగున, తుపానుకు ముందు సంవత్సరము బోటుకు కొత్త ఇంజను వేసినారనీ, సర్వేయరు దానిని లెక్కించలేదనీ ఒక వాక్యము. నాలుగవ పుటలో మరల వినయము. ఆంగ్ల వ్యాకరణములో పెద్ద తప్పులు లేవు. ఇంకొక చిత్రమేమనగా, ఒక్క మాట అబద్ధము కూడా లేదు. అయినా చదివినవానికి ఏమీ బోధపడదు.

అర్జీ పక్కన పెట్టి, "అసలు సంగతి ఏమిటి నాయనా?" అని ఆ బోటు యజమానిని అడిగినాను. అతడు చెప్పినది జ్ఞాపకమున్నంతవరకు అతని మాటలలోనే వ్రాస్తున్నాను.

"మా బోటుకి రేటు తక్కువ కట్టేరు మాస్టారూ. నిరుడేసిన కొత్త ఇంజను లెక్కలో ఎయ్యలేదు, అందుకు. కొత్త ఇంజనేస్తే ఏ బోటుకైనా రేటు పెరుగుద్ది కదండీ, మా పక్క బోటుకి అలాగే కట్టేరు. మాదీ అలాటి బోటే, ఇంజనూ అలాటిదే. మరందుకే మాదీ మళ్ళీ లెక్క కట్టమంతన్నాం."

ఐదు వాక్యములు. పర్వతము, ధూమము, వహ్ని, వంటయిల్లు తప్ప వేరు దృష్టాంతము నోట రాకుండా ఏండ్ల తరబడి తర్కసంగ్రహము పాఠము చెప్పిన నాకు, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము వరుస తప్పకుండా ఒక మత్స్యకారుని నోట వినబడినవి. విలువ తక్కువ కట్టబడినదనుట ప్రతిజ్ఞ. ఇంజను లెక్కలో చేరకపోవడము హేతువు. కొత్త ఇంజను వేసిన బోటుకు విలువ పెరుగుతుందనుట వ్యాప్తి, పక్క బోటు దృష్టాంతము. మాదీ అటువంటిదే అనుట ఉపనయము. కనుక మరల లెక్కకట్టవలెననుట నిగమనము. ఇక్కడ నిష్ఠగల నైయాయికుడు హేతువుకు, వ్యాప్తికి పదముల పొందిక పూర్తిగా కుదరలేదని, ఇంజను విలువ కలపని లెక్క ఏదైనా తక్కువ లెక్కయే అవుతుందని వ్యాప్తిని సవరించవలెనని అనవచ్చును. ఆ సవరణను స్వీకరిస్తాను. బోటు యజమాని కూడా కాదనడు.

శిష్యుడు శాస్త్రము చదివి తప్పినచోట యజమాని చదవకుండా నెగ్గడమునకు కారణమేమి? అన్నంభట్టు అనుమానమును స్వార్థమని, పరార్థమని రెండుగా విభజించినాడు. తనకు తాను తెలిసికొనడము స్వార్థానుమానము. అందులో అవయవముల పని లేదు. తెలిసికొన్నదానిని ఇతరునికి తెలియజేయడము పరార్థానుమానము. పంచావయవ వాక్యము ఉన్నది దాని కొరకే. శిష్యుడు తనకు సంగతి ఏ వరుసలో తెలిసినదో ఆ వరుసలోనే అర్జీ వ్రాసినాడు. యజమాని కనబడగానే నమస్కారము, ఆ మీద తుపాను కథ, ఆ మీద ఇంటి కష్టములు, చివరకు ఇంజను. అది అతని స్వార్థానుమానపు దారి. అధికారికి కావలసినది పరార్థము. మన విద్యార్థుల వ్రాతలలోనే కాదు, పరిశోధన పత్రికలకు మనము పంపే వ్యాసములలో కూడా ఈ దోషము తరచు కనబడుతుంది. గ్రంథములను వెదకిన వరుసలోనే వ్యాసమును వ్రాస్తాము. సిద్ధాంతము చివరి పేరాలో, కృతజ్ఞతలకు పైన ఎక్కడో నక్కి ఉంటుంది. నేను వ్రాసినవాటిని తిరిగి చూచుకొన్నా అట్లే ఉన్నవి.

ఆ అర్జీలోని అతివినయము మన సంప్రదాయము కాదని కూడా ఇక్కడ చెప్పవలెను. అది కంపెనీ దొరల కాలములో దొరల కచేరీలకు అర్జీలు వ్రాసిపెట్టినవారి నుండి వచ్చిన వారసత్వము. ఆంగ్లేయులు స్వయముగా దానిని వదలుకొన్నారు. వారి ప్రభుత్వోద్యోగుల వ్రాత ప్రజలకు అర్థము కావడము లేదని గ్రహించి, ఖజానా శాఖవారు కోరగా, సర్ ఎర్నెస్ట్ గవర్స్ 1948లో 'ప్లెయిన్ వర్డ్స్' అనే చిన్న పుస్తకము వ్రాసినాడు. తేటమాటలలో, అవసరమైనంత మేరకే వ్రాయవలెనని అతని బోధ. వారు పాతబట్టగా పారవేసినదానిని మనము పట్టుబట్టగా కట్టుకొని తిరుగుతున్నాము.

మన సంప్రదాయములో లేఖకునికి ఏ లక్షణములు చెప్పినారో చూడవలెనంటే కౌటిల్యుని వద్దకు పోవలెను. అర్థశాస్త్రము రెండవ అధికరణములో పదవ అధ్యాయము శాసనాధికారము. 1909లో శామశాస్త్రిగారు మైసూరులో ఆ గ్రంథమును అచ్చువేయించిన నాటినుండి అందరూ దుర్గములను, గూఢచారులను, పన్నులను గురించి చర్చించినారు గాని ఈ అధ్యాయమును పాఠముగా చెప్పినవారు తక్కువ. అందులో లేఖకు ఆరు గుణములు చెప్పబడినవి: అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము. దోషములు ఐదు: అకాంతి, వ్యాఘాతము, పునరుక్తము, అపశబ్దము, సంప్లవము. ఇవన్నీ వివరించడము నా ఉద్దేశము కాదు. కాని గుణములలో మొదటిదియైన అర్థక్రమమునకు ఆయన చెప్పిన లక్షణమును గమనించవలెను. ప్రధానమైన అర్థమును ముందుగా నిలిపి, తక్కినవాటిని తగిన వరుసలో దాని వెనుక నడిపించడము అర్థక్రమమట. నేటి వ్యాపారాంగ్ల బోధకులు మొదటి తరగతిలో చెప్పే సూత్రము సరిగా ఇదియే. స్పష్టత్వమంటే అందరూ ఎరిగిన శబ్దములను ప్రయోగించడమట. ఈ ఒక్క లక్షణము చేత మన పండితులలో సగముమంది కౌటిల్యుని కొలువులో నిలువజాలరు. నన్ను కూడా మినహాయించనక్కరలేదు.

దోషములలో సంప్లవమనేది నేటివారికి వింతగా తోచవచ్చును. విభాగము చేయవలసినచోట చేయకపోవడము, చేయకూడనిచోట చేయడము సంప్లవము. పేరాలు విడగొట్టడమును గురించి దీనికి మించిన సూత్రము నేను ఏ ఆంగ్ల గ్రంథములోను చూడలేదు. శిష్యుని అర్జీలో ఇంజను సంగతి కూతురి పెండ్లి పేరాలోనే కలిసిపోయి ఉండడము సంప్లవమునకు లక్ష్యముగా చూపవచ్చును. అదే అధ్యాయములో లేఖల ప్రయోజనములు పదమూడు లెక్కించబడినవి. నింద, ప్రశంస, ప్రశ్న, ఆఖ్యానము, అర్థన, ఉపాలంభము, అనునయము మొదలైనవి. అర్థన అంటే కోరిక. ఒక లేఖకు ఒకటి ప్రధాన ప్రయోజనముగా ఉండవలెను గదా. ఆ నాలుగు పుటలలో ప్రశంస, ఆఖ్యానము, ఉపాలంభము, అనునయము పెరిగి పెరిగి అర్థనను మింగివేసినవి.

ఇంతవరకు చెప్పినది ఒక బోటు సంగతి. వాదక్రమము చెడితే దేశములకు కూడా చిక్కు వస్తుందనుటకు ఉదాహరణము అదే జట్టీ మీద దొరికినది. హార్బరునుండి వేటకు పోయే ట్రాలర్లకు రొయ్యలు ముఖ్యమైన పంట. ఆ వలలో సముద్రపు తాబేళ్ళు కూడా చిక్కుకొని ఊపిరాడక చస్తాయి. వల సంచికి ముందు ఊచల చట్రమొకటి అమర్చితే రొయ్యలు ఊచల సందునుండి లోనికి పోతాయి, తాబేలు చట్రమునకు తగిలి పక్కనున్న ద్వారమునుండి బయటపడుతుంది. దీనిని టెడ్ అంటారు. ఇటువంటి రక్షణ లేకుండా సముద్రములో పట్టిన రొయ్యలను దిగుమతి చేసికొనరాదని అమెరికా 1989లో శాసనము చేసినది; అది ఆ శాసనములోని 609వ సెక్షను. మొదట కరేబియను ప్రాంతపు దేశములకే వర్తించిన ఈ నియమమును, 1995 డిసెంబరులో అక్కడి న్యాయస్థానమొకటి ఇచ్చిన ఉత్తరువుతో 1996 మే 1 నుండి అన్ని దేశములకు వర్తింపజేసినారు. భారత, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసినవి.

వ్యాజ్యమునకు ఆధారమైన గాట్ ఒడంబడికలో 11వ అధికరణము దిగుమతులను నిషేధించరాదని చెబుతుంది. 20వ అధికరణము కొన్ని మినహాయింపులను ఇస్తుంది. తరిగిపోయే ప్రకృతి సంపదను రక్షించుకొనడము వాటిలో ఒకటి. ఆ మినహాయింపుల పట్టికకు ముందు ఒక పీఠికావాక్యమున్నది. మినహాయింపు వంకతో అన్యాయమైన పక్షపాతము చూపరాదని దాని భావము. 1998 మే నెలలో తొలి విచారణ మండలి ఆ పీఠికావాక్యమును ముందు పట్టుకొని, అమెరికా నియమము దానికి నిలువదని తేల్చి, మినహాయింపుల జోలికి పోకుండానే తీర్పు చెప్పినది. అదే సంవత్సరము అక్టోబరు 12న పునర్విచారణ సభ ఆ తర్కమును కొట్టివేసినది. ముందు నియమము ఏ మినహాయింపు కిందికి వస్తుందో తేల్చవలెను. ఆ తరువాతనే దానిని అమలుపరచిన తీరులో పక్షపాతమున్నదా అని పీఠికతో పరీక్షించవలెను. మినహాయింపు ఏదో తెలియకుండా దాని దుర్వినియోగమును ఎట్లా పరీక్షిస్తారని ఆ సభ ప్రశ్న.

ఈ తీర్పు సారాంశము చదివినప్పుడు నాకు మీమాంసాశాస్త్రములోని ఐదవ అధ్యాయము స్ఫురించినది. క్రమమును నిర్ణయించే ప్రమాణములు అక్కడ ఆరు: శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి. పాఠక్రమము కంటె అర్థక్రమము బలీయము. వేదపాఠములో అగ్నిహోత్రహోమము ముందు, యవాగువును వండడము తరువాత చెప్పబడినవి. కాని వండనిదే హోమము చేయుట పొసగదు గనుక వంట ముందు, హోమము తరువాత అని నిర్ణయించినారు. ఒడంబడిక పాఠములో పీఠిక ముందున్నది గనుక తొలి మండలి పాఠక్రమమును అనుసరించినది. పునర్విచారణ సభ అర్థక్రమమును నిలిపినది. జెనీవాలోని ఆ న్యాయవేత్తలు శబరభాష్యము చదివి ఉంటారని నేను అనడము లేదు. అట్లా చెప్పుకొని సంతోషించే అలవాటు మనకు ఎక్కువ. దానివలన ఇంతవరకు ఒక్క అర్జీ కూడా నెగ్గలేదు. మీమాంసకుని అర్థక్రమము, కౌటిల్యుని అర్థక్రమము పేరు ఒకటే అయినా వేరు వేరు అని కూడా విద్యార్థులకు హెచ్చరికగా చెప్పవలెను. మొదటిది ప్రయోజనమును బట్టి వచ్చే పౌర్వాపర్యము. రెండవది ప్రాధాన్యమును బట్టి వచ్చేది.

రెండు తీర్పులలోను అమెరికాయే ఓడినది గదా, ఇక క్రమముతో పనేమని అనవచ్చును. అసలు కీలకము ఇక్కడే ఉన్నది. క్రమము మారగానే గెలుపు స్వభావము మారినది. మన పక్షమువారు తరిగిపోయే సంపద అంటే ఖనిజములవంటిదే గాని సంతతితో పెరిగే ప్రాణులు కావని వాదించినారు. ఆ హేతువు నిలువలేదు. సముద్రపు తాబేలు జాతులన్నీ అంతరించే ప్రాణులుగా అంతర్జాతీయ ఒడంబడికలోని మొదటి జాబితాకు ఎక్కినవే. మన దేశములోనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటిని కాపాడుతున్నది. హేతువు పూర్తిగా బాధితము కాకపోవచ్చును గాని మిక్కిలి దుర్బలము. నెగ్గిన హేతువు వేరు. కరేబియను ప్రాంతపు దేశములకు ఈ పద్ధతికి మారుటకు మూడేండ్ల వ్యవధి ఇచ్చి, మన నాలుగు దేశములకు నాలుగు నెలలే ఇచ్చినారు. వారిలో కొందరితో తాబేళ్ళ రక్షణకు సంధి మాటలాడినారు, మనతో ఆడలేదు. అనుమతి నిరాకరించినప్పుడు కారణము వ్రాతగా చెప్పే పద్ధతి కూడా లేదు. ఇది సరిగా మన బోటు యజమాని వాదము. పక్క బోటుకు కట్టినారు, మాదీ అలాటి బోటే. ఉదాహరణము, ఉపనయము గట్టిగా ఉన్నచోట వాదము నిలిచినది. శబ్దార్థము మీద అతిగా ఆధారపడినచోట కూలినది.

ఆ తీర్పుతో అమెరికా శాసనము మిగిలినది, అమలు తీరు మాత్రము మార్చుకొనవలసివచ్చినది. 1999లో వారు నిబంధనలను సవరించుకొన్నారు. అది చాలదని మలేషియా మరల ఆక్షేపిస్తే 2001 అక్టోబరులో ఆ ఆక్షేపణ వీగిపోయినది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన టెడ్‌ను రూపొందించినది. ఆ సంస్థకు విశాఖలో కూడా పరిశోధన కేంద్రమున్నది. అయినా బోట్లలో దాని వాడకము కుదురుకొనలేదు. 2019లో అదే 609వ సెక్షను కింద భారతదేశపు సముద్రపు రొయ్యలకు అమెరికా తలుపు మూసినది. పెంపకపు రొయ్యలకు ఆ అడ్డు లేదు. 1998లో గెలిచినామని పత్రికలలో చదివినవారికి ఇరవైయొక్క ఏండ్ల తరువాత ఈ వార్త ఆశ్చర్యము కలిగించి ఉండవచ్చును. ఏ హేతువుతో గెలిచినామో చూచినవారికి ఆశ్చర్యము లేదు.

ఇక ఆక్షేపణలు. మొదటిది, ఇది ఆంగ్ల విభాగము పని, మనకెందుకు అనేది. ఆంగ్ల విభాగమువారు పదములను, కాలములను, మర్యాదలను నేర్పగలరు. హేతువుకు, హేత్వాభాసమునకు భేదము నేర్పే అవకాశము వారి పాఠ్యప్రణాళికలో ఎంత ఉన్నది? పాశ్చాత్యులలో కూడా స్టీఫెన్ టూల్మిన్ అనే తత్త్వవేత్త 1958లో, న్యాయస్థానములలోను, వ్యవహారములలోను నడిచే వాదమునకు గ్రీకుల త్ర్యవయవ వాక్యము సరిపోదని, ప్రతిపాదనము, ఆధారము, ఆ రెంటిని కలిపే సామాన్యనియమము మొదలుగా ఆరు అంగములను కల్పించినాడు. మన విద్యార్థికి ఆ అంగములలో ముఖ్యమైనవి వేరు పేర్లతో ముందే పరిచితములు. వాటిని వాడుకలోకి దింపే పని మాత్రమే మిగిలి ఉన్నది.

రెండవ ఆక్షేపణ, మోక్షోపయోగియైన శాస్త్రమును గుమాస్తా పనికి దింపడము అపచారమని. ఈ మాట అనే మిత్రుల మీద నాకు గౌరవమే. కాని మా గురువుగారు పాఠశాలలో మాకు తర్కము చెప్పిన రోజులలో ఊరి పొలము తగాదాలకు కూడా పెద్దమనుష్యులు ఆయన అరుగు మీదకే వచ్చేవారు. ఎవరి హేతువు ఎక్కడ తప్పినదో ఆయన తెలుగులో చెప్పేవాడు. అవచ్ఛేదకము అనే మాట ఒక్కసారి కూడా ఆ అరుగు మీద వినబడలేదు. శాస్త్రమునకు అప్పుడు కలగని అపచారము ఇప్పుడు కలుగుతుందని నేను అనుకొనను. మన కళాశాలలలో చేరేవారి సంఖ్య ఏ తీరున తగ్గుతున్నదో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పవలసిన పని లేదు. చేరినవారిలో అందరూ పండిత పదవులకు పోలేరు. హార్బరులోను, రేవులోను, ఉక్కు కర్మాగారపు గుత్తేదారుల వద్దను గుమాస్తాలుగా పోయేవారికి మనము చెప్పిన చదువులో ఏది తోడు వస్తుందని అడిగితే సమాధానము ఉండవలెను.

మూడవది కొంచెము బలమైనది. శాస్త్రగ్రంథములలో పూర్వపక్షము ముందు, సిద్ధాంతము తరువాత వస్తుంది గదా. ప్రధానార్థమును ముందు చెప్పే వ్యాపారలేఖకు అది విరుద్ధము కాదా అని ఒక యువ అధ్యాపకుడు నన్ను అడిగినాడు. నిజమే. మీమాంసాధికరణము విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అనే వరుసలో నడుస్తుంది. కాని అది సంశయము ఉన్నచోట పుట్టినది. ఎదుటివానికి ముందే ఒక విరుద్ధాభిప్రాయము ఉన్నప్పుడు, దానిని అతనికంటె బాగుగా మనము చెప్పి ఆ తరువాత తీసివేస్తేనే అతడు వింటాడు. నా మట్టుకు నేను ఇట్లా వాడుక చేస్తాను: సంగతి తెలియని అధికారికి, కొనుగోలుదారుకు వ్రాసే లేఖకు న్యాయక్రమము, ఒకసారి కాదని తేల్చినవానికి వ్రాసే పునర్విచారణ లేఖకు మీమాంసాక్రమము. ఐదు అవయవములూ ప్రతి లేఖలో ఉండవలెనని కూడా పట్టుబట్టను. మీమాంసకులు మూడు చాలునన్నారు, బౌద్ధులు రెంటితో సరిపెట్టినారు. అయితే ఉదాహరణమును ఎవరూ విడిచిపెట్టలేదు. తగ్గించే ఉత్సాహములో మన విద్యార్థులు మొదట విడిచేది దానినే.

నిగమనమును గురించి కూడా ఒక మాట. ప్రతిజ్ఞనే మరల చెప్పడము నిగమనమని, కనుక అది పునరుక్తమని తేలికగా కొట్టివేసేవారున్నారు. వ్యవహారలేఖలో నిగమనము పునరుక్తము కాదు. ఎదుటివాడు ఏమి చేయవలెనో, ఏ తేదీలోగా చేయవలెనో చెప్పేది అక్కడే. ప్రతిజ్ఞలో సంగతి ఉంటుంది, నిగమనములో పని ఉంటుంది.

నేను కోరుతున్నది పెద్ద మార్పు కాదు. తర్కసంగ్రహములోని అనుమానఖండమును, అర్థశాస్త్రములోని శాసనాధికారాధ్యాయమును, మీమాంసలో ఏదైనా ఒక చిన్న అధికరణమును కలిపి ఒక పత్రముగా పెట్టి, దానికి పరీక్షగా శ్లోకవ్యాఖ్య కాక ఒక పుటకు మించని ఆంగ్లలేఖను వ్రాయించవలెను. ఆ లేఖ కల్పితము కాకూడదు. ఊరిలో అవసరమున్న మనిషి ఒకరిని విద్యార్థి స్వయముగా వెదకి, ఆ మనిషి చెప్పినది చెప్పినట్లు తెలుగులో వ్రాసికొని, దానిని అవయవములుగా విడదీసి, అప్పుడు ఆంగ్లములోనికి తేవలెను. అపశబ్దములను ఆంగ్లోపన్యాసకులు దిద్దుతారు, హేతువును మనము దిద్దుతాము.

బోటు యజమాని అర్జీని ఆ సాయంకాలమే తిరిగి వ్రాసినాము. అతడు చెప్పిన ఐదు వాక్యములే ఐదు చిన్న పేరాలయినవి. మొదటి వాక్యములో పాలసీ సంఖ్య, బోటు రిజిస్ట్రేషను సంఖ్య, కోరిక, చివర తేదీ. శిష్యుడు తుపాను వర్ణనములో ఒక్క వాక్యమైనా ఉంచుదామని బతిమాలినాడు. ఒప్పుకొనలేదు. నాకు కొంచెము గర్వము కూడా కలిగినదని దాచనక్కరలేదు. మూడు వారములకు సమాధానము వచ్చినది. కోరిక అర్థమైనదని, పునఃపరిశీలనకు అభ్యంతరము లేదని, ఇంజను కొన్న బిల్లు జతచేయలేదు గనుక అది పంపవలసినదని వ్రాసినారు. కౌటిల్యుడు చెప్పిన పరిపూర్ణతను పాఠము చెప్పిన నాకు బిల్లు సంగతి తోచనే లేదు. ప్రతి అధికారి ముందుగా అడిగేది కాగితమేనని వ్యాపారాంగ్లము నేర్పే ఏ చిన్న ఉపాధ్యాయునికైనా తెలుసును. మన శాస్త్రములలో లేనిదీ, మనము వారి వద్ద నేర్చుకొనవలసినదీ అటువంటిదే.

ఆ బిల్లు బోటులోని రేకు పెట్టెలో ఉండి తుపానునాడు తడిసి అక్షరములు కరిగిపోయినది. అకాంతి దోషమునకు అంతకంటె లక్ష్యము దొరకదని నేను అంటే బోటు యజమాని నవ్వలేదు. శిష్యుడు ఇంజను అమ్మిన దుకాణమునకు నాలుగుసార్లు తిరిగి నకలు సంపాదించినాడు. సొమ్ము తరువాతి వేటనిషేధ కాలములో, బోట్లన్నీ జట్టీ దగ్గర ఉన్న రోజులలో చేతికి వచ్చినది. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో నిప్పంటుకొని పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు, నష్టపోయినవారికి కాగితములు వ్రాసిపెట్టుటకు ఆ శిష్యుడు చాలా రోజులు అక్కడే కూర్చున్నాడట. వచ్చినవారిని మొదట బిల్లు ఉన్నదా అని, ఆ తరువాత ఏమి కావలెనని అడిగేవాడినని నాతో చెప్పినాడు.